న్యాయస్థాన రూపకము : ఇరువురు సర్కారు వకీళ్ళు

సంఘర్షణము రూపకమునకు ప్రాణమని విమర్శకులందఱు నంగీకరించిన విషయము. కవి కల్పింపనక్కఱ లేకయే ఆ సంఘర్షణమును సమకూర్చి పెట్టు స్థలములు లోకమున మిక్కిలి తక్కువ. అట్టివానిలో న్యాయస్థానము మొదటిది. వ్యవహారమునకు భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి అను నాలుగు పాదములున్నవని మన ధర్మశాస్త్రకారులు చెప్పిరి. వాది తన యారోపణమును తెలుపుట, ప్రతివాది బదులు చెప్పుట, సాక్ష్యముల పరీక్ష, తీర్పు అనునవి వాని యర్థములు. మితాక్షరను పదమూడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుచేసెను గనుక ఈ విభాగము తెలుగువారికి క్రొత్తది కాదు. ఈ నాలుగు పాదములను చూడగా ముఖసంధి మొదలు నిర్వహణసంధి వఱకు గల నాటకనిర్మాణమే స్ఫురించును. ఇందువలననే న్యాయస్థానమును రంగముగా గైకొన్న రచనలు సంస్కృత నాటకము మొదలు నేటి టెలివిజను వఱకు వచ్చుచునే యున్నవి.

ఈ రచనల విషయమున మనము వేయవలసిన ప్రశ్న యొకటి గలదు. నేరము మోపబడిన నిరుపేద పక్షమున నెవరు మాటలాడుచున్నారు? ఏ యధికారముతో మాటలాడుచున్నారు? తెలుగు రూపకమును, దాని తరువాత వచ్చిన తెలుగు చలనచిత్రమును ఈ ప్రశ్నకిచ్చిన సమాధానములను పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. పోలికకై ఇటీవలి అమెరికా టెలివిజను రూపకమొకదానిని ముందుగా పరిచయము చేయుదుము.

ఆ రూపకము పేరు 'ఫర్ ది పీపుల్'. 'ప్రజల పక్షమున' అని దాని యర్థము. ఏ.బి.సి. టెలివిజను సంస్థ దీనిని 2018 మార్చి 13వ తేదీన ప్రారంభించి, 2019 మే నెలలో ముగించినది. నడిచినవి రెండు భాగములు, మొత్తము 20 ప్రసారములు. దీనిని రూపొందించినవాడు పాల్ విలియం డేవీస్. నిర్మించినది షోండా రైమ్స్ స్థాపించిన షోండాలాండ్ సంస్థ. కథాస్థలము న్యూయార్కు దక్షిణ మండలపు ఫెడరల్ న్యాయస్థానము. ఆ న్యాయస్థానమునకు 'మాతృన్యాయస్థాన'మని వాడుక గలదు.

ప్రధానపాత్రలు ఆఱుగురు యువ న్యాయవాదులు. సాండ్రా బెల్, ఆలిసన్ ఆడమ్స్, జే సిమన్స్ అను మువ్వురు నిందితుల పక్షమున వాదించు పబ్లిక్ డిఫెండర్లు. సెత్ ఆలివర్, కేట్ లిటిల్‌జాన్, లియొనార్డ్ నాక్స్ అను మువ్వురు ప్రభుత్వము పక్షమున నేరమును నిరూపింపవలసిన ప్రాసిక్యూటర్లు. కథారంభమున ఆలిసన్, సెత్ ఇరువురు ప్రేమికులు; వృత్తిలో నెదురెదురు పక్షములవారు. ఒక వారము ఈ పక్షము గెలిచిన, మఱొక వారము ఆ పక్షము గెలుచును. ఎవ్వరును దుష్టపాత్రలు కారు. ఇరుపక్షములవారికిని జీతమిచ్చునది ప్రజాధనమే. 'ప్రజల పక్షమున' నున్నవారెవరను ప్రశ్నకు, ఇరువురును ననియే ఆ నాటకము చెప్పదలచిన సమాధానమని మా యభిప్రాయము.

ఈ సమత అమెరికా టెలివిజనులో కూడ సులభముగా నేర్పడినది కాదు. సి.బి.యస్. సంస్థ 1954–55లలో 'ది పబ్లిక్ డిఫెండర్' అను రూపకమును ప్రసారము చేసెను. అందు కథానాయకుడు పేదల పక్షపు న్యాయవాది. అదే సంస్థ 1965లో 'ఫర్ ది పీపుల్' అను ఈ పేరుతోనే మఱొక రూపకమును చూపెను. అందు నాయకుడు ప్రాసిక్యూటరు. ఇది 13 ప్రసారములతోనే యాగిపోయినది. 2008–09లలో వచ్చిన 'రైజింగ్ ది బార్' ఉభయపక్షములను చూపినది గాని అదియు రెండు భాగములకు మించలేదు. ఒక పక్షమునే నాయకస్థానమున నిలుపు రచనలలో ననేకములు ఏండ్ల తరబడి నడువగా, రెండు పక్షములను సమముగ తూచు రచనలు త్వరగా ముగియుటకు కారణమేమి? ప్రేక్షకసంఖ్య చాలకపోవుట పైకి కనబడు కారణము. లోని కారణము రసవిషయమైనదని మేము తలచుచున్నాము. సామాజికుని హృదయము నాయకునితో తాదాత్మ్యము నొందగోరును. ప్రతిదినము నాయకుడు మాఱుచున్నచో, నిన్న మనము మెచ్చినవాడే నేడు మన కన్నీటికి కారకుడైనచో, ఆ తాదాత్మ్యము చెదరును. కాని ఆ చెదరుటయందే ఈ రూపక ప్రక్రియకు గల విలువ యున్నది. న్యాయమనునది యొక వీరుని విజయము కాదు, ఇరువురు తమ తమ పనిని సక్రమముగ చేయుట వలన గలుగు ఫలమని అది ప్రేక్షకునికి నేర్పును.

అట్టి రూపకము పుట్టుటకు వెనుక నొక సంస్థ యుండవలెను. లాస్ ఏంజిలిస్ కౌంటీలో పబ్లిక్ డిఫెండరు కార్యాలయము 1914లోనే వెలసినది. 1963లో క్లారెన్స్ గిడియన్ అను ఖైదీ చెఱసాలనుండి పెన్సిలుతో వ్రాసి పంపుకొన్న యర్జీపై అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఘోరనేరము మోపబడిన పేదవానికి రాష్ట్రమే న్యాయవాదిని సమకూర్పవలెనని నిర్ణయించెను. అదే యేడు జరిగిన పునర్విచారణలో న్యాయవాది సహాయముతో గిడియన్ నిర్దోషిగా విడుదలయ్యెను. వాదించువాడు లేనప్పుడు దోషిగా తేలినవాడే, వాదించువాడు దొరకినప్పుడు నిర్దోషిగా తేలెను. ఈ యొక్క సంగతి చాలును, న్యాయవాది సహాయము అలంకారము కాదని తెలియుటకు.

మన దేశమున నున్న స్థితిని ఒక యూహతో వివరింతము. నల్లమల పాదమున నున్న మహానంది క్షేత్ర పరిసరములలో, కోనేటి నీటితో పండు అరటితోటలలో పనిచేయు కూలి యొకడు దొంగతనపు నేరముపై పట్టుబడెననుకొందము. రాజ్యాంగపు 22వ యధికరణము ప్రకారము 24 గంటలలోపల వానిని మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న నంద్యాలలోని న్యాయస్థానమే వానికి సమీపమైనది. అచట ప్రభుత్వము పక్షమున పోలీసుల కాగితములను చేతబట్టి మాటలాడుటకు అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటరు సిద్ధముగ నుండును. కూలి పక్షమున నెవరు?

దీనికి శాసనము క్రమక్రమముగా సమాధానము చెప్పినది. 1976లో చేసిన 42వ సవరణ వలన రాజ్యాంగమున 39ఎ యధికరణము చేరి, ఉచిత న్యాయసహాయము రాజ్యధర్మమైనది. 1979లో హుసైనారా ఖాతూన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని 21వ యధికరణములోని జీవితహక్కులో భాగముగా గ్రహించినది. 1986లో సుఖదాస్ వ్యాజ్యమున, సహాయము కోరలేదను కారణముచేత పేదవానికి దానిని లేకుండ జేసి విధించిన శిక్ష నిలువదని చెప్పినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని 12వ ప్రకరణము ప్రకారము నిర్బంధమున నున్న ప్రతివ్యక్తియు ఉచిత సహాయమునకర్హుడే. అయినను చిరకాలము ఈ పని జాబితాలో చేరిన ప్రైవేటు వకీళ్ళకు ఒక్కొక్క కేసుగా నప్పగింపబడుచుండెను. 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టి, జిల్లా స్థాయిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంటు అను మూడు తరగతుల న్యాయవాదులను పూర్తికాలపు జీతముపై నియమించుట కారంభించినది. వీరి పని నిందితుల పక్షమున వాదించుటయే. అనగా అమెరికా రూపకమునకు వెనుకనున్న సంస్థ వంటిది మనకు నిన్న మొన్ననే యేర్పడినదన్నమాట.

ఇక మన రూపకములకు వత్తము. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకమునకు వ్యవహారమని పేరు. వసంతసేనను చారుదత్తుడు చంపెనని రాజశ్యాలుడైన శకారుడు ఫిర్యాదు చేయును. న్యాయాధికారి గలడు, శ్రేష్ఠి గలడు, వ్రాయుటకు కాయస్థుడు గలడు. చారుదత్తుని పక్షమున వాదించువాడు మాత్రము లేడు. మిత్రుడు మైత్రేయుడు వచ్చి మేలు చేయబోయి, నగల మూటను జాఱవిడిచి కీడే చేయును. ఇది కవి యొక్క విస్మృతి కాదు. హత్య, దొంగతనము వంటి ఘోరాభియోగములలో ప్రతినిధి పనికిరాడని, నిందితుడు స్వయముగనే యుత్తరమీయవలెనని కాత్యాయనాదుల మతము. ఇది మన దేశపు లోపము మాత్రమేయనుటకును వీలులేదు. ఇంగ్లాండులో ఘోరనేరము మోపబడినవాని పక్షమున న్యాయవాది పూర్తిగా వాదించుటకు 1836 నాటి చట్టముతోనే యనుమతి లభించినది.

తెలుగునాట నూరూర నాడిన హరిశ్చంద్ర కథను చూడుడు. కాశీరాజు కుమారుని చంపినదను నింద చంద్రమతిపై పడును. ఆమె మాట వినువాడు లేడు, ఆమెకై మాటలాడువాడు లేడు. శిక్షను నెఱవేర్చవలసినవాడు భర్తయే. సారంగధరుని కథయు నిట్టిదే. సవతి తల్లి మోపిన నిందను తండ్రి విచారింపకయే నమ్మి కుమారుని కాలుసేతులు నఱికించును. తిరునాళ్ళ రాత్రులందు ఈ కథలకు సీమపల్లెల జనము కన్నీరు కార్చిన దనిన, ఆ కన్నీటికి కారణము కరుణరసపోషణ మొక్కటియే కాదు. చెప్పుకొనుటకు చోటు లేని నిందితుని స్థితి వారెఱుగని స్థితి కాదు.

ఇచట రాయలసీమ నాటకచరిత్రకు సంబంధించిన యొక విశేషము గమనింపదగినది. 1953లో మైసూరు రాష్ట్రమున చేరువఱకు బళ్ళారి కర్నూలు, కడప, అనంతపురములతో పాటు దత్తమండలములలోనిదే. ఆ బళ్ళారి తెలుగు నాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. దానిని పెంచినవారు వకీళ్ళు. విషాద సారంగధర రచించి తెలుగున విషాదాంత నాటకమునకు దారితీసిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) వకీలు. ఆయన సమకాలికుడును, విజయనగర సామ్రాజ్య పతనమును నాటకముగా వ్రాసినవాడును నైన కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) వకీలు. ధర్మవరమువారి మేనల్లుడు, తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ (1880–1946) వకీలగుటయే కాక, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా ప్రభుత్వముచే నియమింపబడినవాడు. పగలు కోర్టులో ప్రభుత్వము పక్షమున నేరమును నిరూపించు నాతడే, రంగస్థలముపై హరిశ్చంద్రుడై, విచారణ లేని శిక్షకు గురియైన భార్యపై కత్తినెత్తవలసి వచ్చెను.

ఇంతమంది వకీళ్ళు నాటకములను వ్రాసియు, ఆడియు, తమ వృత్తిని తమ రంగముపై నేల ప్రధానముగా చూపలేదను సందేహము కలుగవచ్చును. నాటి ప్రేక్షకులు కోరిన ఇతివృత్తములు పౌరాణికములు, చారిత్రకములు. ఆ కథలలో వకీలునకు చోటులేదు. అయినను ధర్మవరమువారు విచారణ లేని దండనమునే విషాదవస్తువుగా గ్రహించుట కేవలము యాదృచ్ఛికమని మేము భావింపజాలము. ఇరుపక్షముల వాదమును వినుట వృత్తిగా గలవాడు, ఒక పక్షమే విని తీర్పుచెప్పిన రాజు కథలోని ఘోరమును ఇతరులకంటె నెక్కువగా నెఱిగియుండును.

తెలుగు రూపకమున నిందితుని పక్షమున వకీలు నిలిచినది కన్యాశుల్కమున. లుబ్ధావధానులు తాను పెండ్లాడిన పిల్లను చంపెనను నేరమున చిక్కుకొనును. ఆ పిల్ల నిజమునకు ఆడువేషము వేసిన బాలుడు. కావున చచ్చినవారును లేరు, చంపినవారును లేరు. మృచ్ఛకటికమున వలెనే ఇందును జరుగని హత్యకు విచారణ. భేదమేమన, ఇచట సౌజన్యారావు పంతులు గలడు. ఆయన పూనుకొనినది తన సౌజన్యము చేతనే, ఏ యుద్యోగధర్మము చేతను గాదు. మఱియు రహస్యము వెలువడినది కోర్టు బోనులో గాదు, మధురవాణి ఆయన యింటికి వచ్చి చెప్పుట వలన. గురజాడ ఆ నాటి కోర్టులపై తన యభిప్రాయమును ఈ యొక్క కల్పనచేత తెలిపెననవచ్చును.

మన చలనచిత్రములలోని నాయక వకీలు ఈ సౌజన్యారావు పంతులు సంతతివాడే. 1983 నాటి 'అభిలాష'లో, యండమూరి వీరేంద్రనాథ్ నవల ననుసరించి, మరణశిక్ష రద్దుకావలెనని కోరు యువ వకీలు తానే ఉరికంబము దాపునకు పోవును. 2021 నాటి 'నాంది'లో చేయని హత్యకు విచారణఖైదీగా ఏండ్ల తరబడి మ్రగ్గినవానికి ఆద్య యను న్యాయవాదిని తోడగును. తప్పుడు నేరము మోపుటను శిక్షించు శిక్షాస్మృతి 211వ సెక్షను అందు కథకు కీలకము. 2025 నాటి 'కోర్టు'లో పోక్సో చట్టము క్రింద పట్టుబడిన పేదయువకుని కేసును ఒక జూనియరు వకీలు చేపట్టును. ఈ చిత్రములు మంచి ప్రయోజనమును సాధించినవి. నిందితుడనగా దోషియని కాదను సంగతిని లక్షలమందికి తెలియజెప్పినవి. కాని వీనిలో పేదవానికి న్యాయము దొరకుట యొక మంచివాడు తటస్థించుటపై నాధారపడియున్నది. అట్టివాడు తటస్థింపనిచో నేమగును? ఆ ప్రశ్నను చిత్రము ముగిసిన పిదప మనమే వేసికొనవలెను.

రెండవ లోపము ప్రాసిక్యూటరు పాత్రకు సంబంధించినది. న్యాయశాస్త్రము ప్రకారము పబ్లిక్ ప్రాసిక్యూటరు శిక్ష పడుటయే ధ్యేయముగా గలవాడు కాదు; నిందితునికనుకూలమైన సాక్ష్యమున్న దానినిగూడ న్యాయస్థానము నెదుట నుంచుట వాని విధి. మన తెఱపై వీనికి తఱచుగా లభించునది ప్రతినాయకుని స్థానమో, లేక 'అభ్యంతరము' అని లేచి కూర్చుండు పాత్రయో. రాఘవ వంటి మహానటుడు నిజజీవితమున నిర్వహించిన యుద్యోగమునకు మన కల్పనాసాహిత్యమున నొక నిండైన పాత్ర యింకను రావలసియే యున్నది.

ఈ లోపములకు భాషతో సంబంధమున్నది. తెలుగుశాఖవారికి ముఖ్యమైన భాగమిదియే. కోర్టుకు సంబంధించిన మన మాటలలో ననేకములు అరబ్బీ పారసీకములనుండి వచ్చినవి. వకీలు, ఫిర్యాది, జామీను, వాయిదా, దావా, అర్జీ ఇట్టివి. వీనిలో 'ముద్దాయి' చరిత్ర మిక్కిలి విచిత్రము. ఉర్దూలో ముద్దయీ యనగా వాది, దావా తెచ్చినవాడు. ప్రతివాదికి ముద్దా అలైహ్ అని వేఱు మాట గలదు. తెలుగున ముద్దాయి యనగా నేరము మోపబడినవాడే. ఆరోపించువాని పేరు ఆరోపింపబడినవానికి తగులుకొన్నది. పొడవైన రెండవ మాటలోని చివరిభాగము జనుల నోట నరిగిపోయి, మిగిలిన భాగము ఇట్లు నిలిచియుండును. కారణమేదైనను, తన పేరును సైతము ఎదుటి పక్షమునుండి తెచ్చుకొన్నవాడు మన ముద్దాయి. వాడుకలో ఈ మాట 'దోషి' యను నర్థమునకు కూడ జాఱుచున్నది. 'నిందితుడు', 'ముద్దాయి', 'దోషి' అను మూటికిని గల భేదమును పత్రికలు సైతము పాటింపని సందర్భములున్నవి.

ఇట్టిదే 'సర్కారు వకీలు' అను మాట. జనవ్యవహారమున దీనికి పబ్లిక్ ప్రాసిక్యూటరనియే యర్థము. ఆవలి పక్షమున సర్కారే జీతమిచ్చి నిలిపిన న్యాయవాదికి వాడుకలో తెలుగుపేరు స్థిరపడలేదు. 'లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్' అను నాంగ్లపదబంధమునే తెలుగు లిపిలో వ్రాయుచున్నారు. ఇపుడు మనము మహానందినుండి నంద్యాలకు తెచ్చిన కూలివానిని తలచుకొనుడు. "నీకు సర్కారే వకీలును పెట్టును" అని మేజిస్ట్రేటు చెప్పిన, వాని కేమి తోచును? తన్ను జైలుకు పంపజూచు సర్కారు వకీలు కనబడుచునేయున్నాడు గదా! మఱొక సర్కారు వకీలు తన పక్షమున నుండునని వాడెట్లు నమ్మును? ఊరక వచ్చిన వకీలు ఊరకే పోవునని తలచి, గొఱ్ఱెలనో, ఎకరము మెట్టభూమినో అమ్మి ప్రైవేటు వకీలును కుదుర్చుకొనుటకు పూనుకొనును. లేదా మాటలాడువాడు లేకయే నేరము నొప్పుకొనును. శాసనము హక్కు నిచ్చినను, ఆ హక్కునకు పేరును రూపమును భాష యీయలేదు, సాహిత్యమీయలేదు.

రూపకము చేయదగిన మేలు ఇచటనే యున్నది. శాసనమును చదివి న్యాయవ్యవస్థ నెఱిగినవారు మనలో నెందఱు? కోర్టనగా నెట్లుండునో పలువురకు తెలిసినది నాటకము వలనను, చిత్రము వలనను. హరిశ్చంద్ర నాటకము చూచినవాడు, నిందితునికి దైవమే దిక్కని నేర్చుకొనెను. చలనచిత్రము చూచినవాడు, నిందితునికి వీరుడే దిక్కని నేర్చుకొనుచున్నాడు. నిందితునికి ఉద్యోగధర్మముగా వాదించువాడొకడు గలడని, వాడు జీతము పుచ్చుకొన్నను నమ్మదగినవాడేయని, ఎదుట నిలిచిన ప్రాసిక్యూటరు సైతము శత్రువు కాడని నేర్పు తెలుగు రచన రావలసియున్నది. అమెరికాలో నట్టి రచన 20 ప్రసారములతో ముగిసిన మాట నిజమే. దీర్ఘాయువు లేకపోవుట ఆ ప్రక్రియకు గల కష్టమును తెలుపునే గాని దాని యవసరమును కాదనదు. మనకు టెలివిజను ధారావాహికయే కానక్కఱలేదు. పోటీలలో నాడు ఒక గంట నాటిక చాలును. నంద్యాల కోర్టు ప్రాంగణము, ఇద్దఱు సర్కారు వకీళ్ళు, ఒక కూలి. వస్తువు సిద్ధముగనే యున్నది.

పరిశోధక విద్యార్థులు ఈ విషయమున రెండు పనులు చేయవచ్చును. కర్నూలు, నంద్యాల, కడప కోర్టుల ప్రాంగణములలో కక్షిదారులు, గుమాస్తాలు, వకీళ్ళు వాడు మాటలను సేకరించి, వాని యర్థములు మూలభాషలోని యర్థములనుండి ఎట్లు మాఱెనో పరిశీలించుట మొదటిది. కన్యాశుల్కము మొదలు నేటివఱకు తెలుగు రూపకములలోను చిత్రములలోను గల విచారణదృశ్యములను సమకూర్చి, ప్రతిదానియందు నిందితుని పక్షమున మాటలాడినవాడెవడు, వానిని పంపినవాడెవడు అని లెక్కించి చూపుట రెండవది. ఈ రెండవ లెక్క పూర్తియైననాడు, రాజ్యము నియమించిన న్యాయవాది మన సాహిత్యమున నెన్ని మాఱులు నోరు విప్పెనో తేలును. ఆతనికి తగిన తెలుగుపేరు బహుశః మొదటి పనిచేయు విద్యార్థికే, ఏ కక్షిదారుని నోటనో, దొరకవచ్చును.